డబ్బాలో పదకొండు ట్యాగులు

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. సగం రోజులు బోటు మీద పోయాయి, మిగతా సగం ఒళ్ళునొప్పులతో పోయాయి. "చేపలకి చీటీలు కట్టడం కూడా ఒక ఉద్యోగమేనా, దానికి జీతం కూడానా" అని రాశావు చూడు, మూడేళ్ళుగా అదే వెటకారం. ఈసారి తీరిగ్గా బదులిస్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

ముందుగా, అది కట్టడం కాదు, గుచ్చడం. ట్యాగ్ అంటే చీపురుపుల్లంత లావున్న ప్లాస్టిక్ గొట్టం, చూపుడువేలంత పొడవుంటుంది. ఒక చివర చిన్న ముల్లు. గొట్టం మీద ఒక నంబరు, మా ఫోన్ నంబరు. వీపు రెక్క మొదట్లో ఏటవాలుగా గుచ్చితే, లోపలున్న సన్నటి ఎముకల మధ్య ఆ ముల్లు చిక్కుకోవాలి. చిక్కిందో లేదో మెల్లిగా లాగి చూస్తాం. చేపని ముట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి, పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి పుండ్లు పడతాయి. తడిగుడ్డతో కళ్ళు కప్పితే అప్పటిదాకా ఎగిరెగిరి పడ్డది కూడా కాస్త సద్దుమణుగుతుంది. ఇది నాకు ఇప్పటికీ వింతే. కొలవడం, గుచ్చడం, వదలడం అన్నీ అర నిమిషంలో అయిపోవాలి. టూనాకైతే ఆ మాత్రం టైము కూడా ఎక్కువే. ఈదుతూ ఉంటేనే దాని మొప్పల్లోంచి నీరు పారుతుంది, ఆగిందంటే ఊపిరాడదు. బాగా లోతు నుంచి పైకి లాగిన చేపకి ఇంకో గండం, లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి కిందికి దిగలేక పైనే తేలుతుంది. దాన్ని అలా వదిలేస్తే పక్షులకి అప్పగించినట్టే.

నేను గుచ్చిన మొదటి ప్రాణి ఏదో తెలుసా? నా బొటనవేలు. ఆ నంబరు పక్కన రిజిస్టరులో "వృథా" అని రాసి ఉంటుంది.

సరే, గుచ్చాం, వదిలాం. తర్వాత? ఇక్కడే నీకు అర్థం కానిది ఉంది. ఆ ప్లాస్టిక్ ముక్క దానంతటది ఏమీ చెప్పదు. ఖరీదైన శాటిలైట్ ట్యాగులు వేరు. అవి చేపతో పాటు తిరుగుతూ వెలుతురు, లోతు రాసుకుంటాయి. పగలు ఎంతసేపు ఉందన్న లెక్కతో అది ఎంత ఉత్తరాన ఉందో, మిట్టమధ్యాహ్నం ఎన్నింటికైందన్న లెక్కతో ఎంత తూర్పున ఉందో అంచనా కడతారు. గడువు కాగానే ఊడి పైకి తేలి, సమాచారం పంపిస్తాయి. 2003 నవంబరులో దక్షిణాఫ్రికా దగ్గర ఒక ఆడ తెల్ల సొరకి అలాంటిది పెడితే, 99 రోజుల తర్వాత ఆ ట్యాగ్ ఆస్ట్రేలియా పక్కన తేలింది. 11 వేల కిలోమీటర్లు! ఆ సొర తొమ్మిది నెలలు తిరక్కుండానే మళ్ళీ దక్షిణాఫ్రికాలో కనిపించింది, రెక్క అంచులు చూసి అదేనని గుర్తుపట్టారు.

అలాంటివి వేలల్లో పెట్టే స్తోమత ఎవరికుంటుంది? అందుకని మామూలు ట్యాగులే దిక్కు. ఆ మూగ ముక్కకి నోరు జాలరే. చేప మళ్ళీ ఎవరికో ఒకరికి పడాలి, ఆ మనిషి దాన్ని చూడాలి, చూసి తీసి పెట్టాలి, తారీఖు, చోటు, కొలత చెప్పాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మా పని సముద్రంలో కలిసినట్టే.

అయినా జరిగిందిరా. అమెరికాలో 1962లో సొరలకి ట్యాగులు వేసే కార్యక్రమం మొదలైతే, ఆ పని చేసిందీ ట్యాగులు తిరిగి పంపిందీ ఎక్కువగా సరదాకి గాలం వేసేవాళ్ళు, చేపల వేట వృత్తిగా ఉన్నవాళ్ళే. 50 ఏళ్ళలో 2 లక్షలకి పైగా సొరలకి వేస్తే, 13 వేలకి పైగా మళ్ళీ దొరికాయి. హిందూ మహాసముద్రంలో 2005 నుంచి 2007 దాకా ఒక పెద్ద ప్రాజెక్టులో 1 లక్షా 68 వేల టూనాలకి వేశారు. అందులో దాదాపు ఆరింట ఒకటి తిరిగొచ్చింది. పెద్ద రింగు వలల ఓడలు సరుకు దింపే రేవుల్లో, ఆ చేపల గుట్టల్లోంచి సన్నటి గొట్టాన్ని చూసి పక్కకి తీసినవాళ్ళ చలవ అది.

నీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఒక లెక్క. డెన్మార్క్‌లో పీటర్సన్ అనే జీవశాస్త్రవేత్త 1890ల్లో చదునుచేపలకి బిళ్ళలు తగిలించి పని మొదలుపెట్టాడు, ఈ లెక్కకి ఇప్పటికీ ఆయన పేరే. 1000 చేపలకి ట్యాగులు వేసి వదిలాం అనుకో. అవి మిగతావాటితో కలిసిపోయాయి. తర్వాత 500 పట్టుబడితే వాటిలో 10కి ట్యాగులున్నాయి. అంటే యాభైలో ఒకటి. కాబట్టి మొత్తం 50 వేలు ఉంటాయని అంచనా. ఇప్పుడు ఆ పదిలో అయిదుగురు మాకు చెప్పకుండా ఊరుకున్నారనుకో. మా లెక్కలో అయిదే కనబడతాయి, చేపలు లక్ష అయిపోతాయి! లేని 50 వేల చేపలు కాగితం మీద పుట్టుకొస్తాయి. "ఇంకేం, బోలెడున్నాయి, పట్టుకోండి" అంటాం. నష్టపోయేది మళ్ళీ ఆ జాలరే.

ఇప్పుడు అసలు సంగతి. దీని గురించే నీకు రాయాలని కూర్చున్నాను.

పోయిన నెల రేవులో వల అల్లుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చుని మా పోస్టరు చూపించాను. చూసి నవ్వి, లేచి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చాడు. తుప్పు పట్టిన గాలాలు, సీసపు గుండ్లు, వాటి మధ్య పసుపు రంగు ట్యాగులు. లెక్కపెట్టాను, 11.

"మొదటిది ఇచ్చాను బాబూ. మీ వాళ్ళెవరో వచ్చి తీసుకెళ్ళారు. ఎక్కడ వదిలారో, ఎన్నాళ్ళు తిరిగిందో చెబుతామన్నారు. రెండేళ్ళయింది. ఎవరూ చెప్పలేదు. ఇవి నా దగ్గరే ఉంచేశాను."

బహుమానం ఇవ్వలేదా అని అడిగాను. "టోపీ ఇచ్చారు. టోపీ ఏం చేసుకోను? నేను చేప సంగతి అడిగాను."

ఆఫీసుకి వచ్చి పాత రిజిస్టరు తిరగేశాను. ఆ మొదటి ట్యాగ్ ఉంది. తెచ్చింది వేరే అతను, ఎక్కించిన చేతిరాత మాత్రం నాదే. పక్కన పెన్సిలుతో "జవాబు పంపాలి" అని కూడా రాసుకున్నాను. మూడేళ్ళుగా "జాలర్లు సహకరించడం లేదు" అని రిపోర్టుల్లో రాసింది కూడా ఈ చెయ్యేరా.

కొందరు చోటు చెప్పడానికి భయపడతారు, రేపు అక్కడ వేట ఆపించేస్తారేమోనని. అది న్యాయమైన భయమే, దానికి నా దగ్గర గట్టి సమాధానం లేదు. కానీ ఈయన విషయం అది కాదు.

మర్నాడు మళ్ళీ వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన పెద్దగా పట్టించుకోలేదు, డబ్బా నా ముందుకి తోశాడు. ఒక్కో ట్యాగూ చేతిలో తిప్పుతూ, "ఇది అమావాస్య పోటుకి పడింది, 20 బారల లోతు, గాలానికి. మూడు జానలుంటుంది" అంటూ ఏడింటి సంగతి చెప్పాడు. మిగతా నాలుగూ చూసి, "గుర్తులేదు బాబూ, అబద్ధం ఎందుకు చెప్పాలి" అన్నాడు. ఆ నాలుగు ఖాళీ గడుల వల్లే మిగతా ఏడింటి మీద నాకు నమ్మకం కుదిరింది.

వాటిలో ఒకటి మేం వదిలిన 14 నెలలకి, వదిలిన చోటికి దగ్గర్లోనే ఆయనకి పడింది. అది అసలు కదల్లేదా, ఎక్కడెక్కడో తిరిగి ఇంటికొచ్చిందా? ట్యాగ్ చెప్పేది రెండు చుక్కలే, మధ్యలో దారి చెప్పదు. ఆయన్నే అడిగాను. "ఎండలప్పుడు ఆ జాతి ఇక్కడ ఉండదు. లోతుకెళ్ళిపోతుంది, చల్లబడ్డాక దరికొస్తుంది" అన్నాడు. మా దగ్గర ఆ మాట రాసుకునే గడి లేదు, వెనక పేజీలో రాసుకున్నాను.

ఇక నీతో పని. ఆయనకి 12 జవాబులు బాకీ ఉన్నాను. ఆయనకి చదువు అంతగా రాదు, కాబట్టి మ్యాపులు కావాలి. మన బ్యాచ్‌లో చెయ్యి తిరిగినవాడివి నువ్వే. ఒక్కో ట్యాగ్‌కి ఒక కాగితం, వదిలిన చోట ఒక చుక్క, ఆయనకి దొరికిన చోట ఒక చుక్క, మధ్యలో చుక్కల గీత. చోటు తెలియని ఆ నాలుగింటికి వదిలిన చుక్క ఒక్కటే పెట్టు, గీత వద్దు. అందం కోసం చేప బొమ్మలు వెయ్యకు, చేప ఎలా ఉంటుందో ఆయనకి నీకన్నా బాగా తెలుసు. వివరాలన్నీ ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. ముందు ఆ రెండేళ్ళ నాటి దానిది గియ్యి.

నీ,
చీటీలవాడు