వార్షిక నివేదిక: ఈ ఏడు మన సంఘం, కాంబోర్న్ ఆవిరి బండి

గౌరవ సభ్యులకు నమస్కారం.

నైరుతి ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు ఈసారి కూడా ఉగాది, బతుకమ్మ, దీపావళి కలిసి జరుపుకున్నాయి. పిల్లల తెలుగు తరగతులు ఆగకుండా నడిచాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు. నేను మాత్రం కాంబోర్న్ యాత్ర గురించే ఎక్కువ చెబుతాను. పిల్లలు ఇప్పటికీ దాని గురించే అడుగుతున్నారు.

కార్న్‌వాల్‌లోని ఆ ఊళ్లో ఏటా ఏప్రిల్ చివరి శనివారం ట్రెవిథిక్ డే జరుపుతారు. 1801 డిసెంబరు 24న ఇంజనీరు రిచర్డ్ ట్రెవిథిక్ తన ఆవిరి బండి 'పఫింగ్ డెవిల్' మీద మనుషుల్ని ఎక్కించుకుని అక్కడి గుట్ట ఎక్కాడు. కొద్ది రోజులకే ఆ బండి కాలిపోయింది. దారిలో చెడిపోతే, నిప్పు ఆర్పకుండానే అందరూ భోజనానికి వెళ్లారు. బాయిలర్‌లో నీళ్లు ఇగిరిపోయాయి. రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంగా ట్రెవిథిక్ సొసైటీ దానికి ప్రతిరూపం తయారు చేయించింది. మనం చూసింది దాన్నే.

అద్దాల వెనక పెట్టి చూపిస్తే ఈ బండి సగమే అర్థమవుతుందని నా గట్టి నమ్మకం. వీధిలో కదిలితేనే బొగ్గు వాసన, ఆవిరి బుసలు, నడిపేవాళ్ల టెన్షన్ తెలుస్తాయి. బాయిలర్‌లో నీటి మట్టం మీద నుంచి వాళ్లు కన్ను తిప్పరు. 1803లో గ్రీనిచ్‌లో ట్రెవిథిక్ బాయిలర్ ఒకటి పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాతే ఆయన బాయిలర్లకు సీసపు బిరడా పెట్టడం మొదలుపెట్టాడు. నీళ్లు తగ్గి వేడి ముదిరితే సీసం కరిగి, ఆ రంధ్రంలోంచి వచ్చే ఆవిరి నిప్పును చల్లారుస్తుంది. మన పిల్లలు దీని బొమ్మ గీసి తరగతిలో వివరించారు. ఈ ఏడాది నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చింది అదే.

ఇలాంటి బండిని రోడ్డెక్కించడం ఖర్చుతో, ఓపికతో కూడిన పని. బాయిలర్‌ను నిపుణులు పరీక్షించి సరే అనాలి. అందుకే ఇలా ప్రతిరూపాలను నడిపే స్వచ్ఛంద కార్యకర్తలకు మన నిధి నుంచి కొంత విరాళం ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సభ్యులు ఆమోదించాలని మనవి.

వచ్చే ఏడు ఫ్రాన్స్‌లోని లోరేన్‌కు వెళ్దామని ఆలోచన. 1769-70 నాటి ఆవిరి బండి తయారు చేసిన కూన్యో సొంతూరు అక్కడే. 2010లో కట్టిన దాని ప్రతిరూపం కూడా అక్కడుంది. రాదలచినవారు పేర్లు కార్యదర్శికి ఇవ్వండి, వీసా పనులకు సమయం పడుతుంది.