ఏడుగురమూ జ్వరమనే చెప్పాం

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో తాగుడు మాన్పించడం గురించి ఒక డాక్టరుగారి సలహాలు వేశారు. మందులు, కౌన్సెలింగ్, ఆస్పత్రిలో ఎన్ని రోజులుండాలి, అన్నీ వివరంగా ఉన్నాయి. ఇంట్లోవాళ్ల గురించి మాత్రం ఒక్కటే మాట: భార్య ఓపికగా సహకరించాలి అని. పదకొండేళ్లు ఓపికగా సహకరించినదాన్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లా. పెళ్లయ్యాక మద్రాసు వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాం. ప్లస్ టూ, డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మావారు అప్పట్లో అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. ఆయన తాగుడు సంగతి అత్తగారింట్లో తెలియదు, పుట్టింట్లో తెలియదు, కింద వాటావాళ్లకు తెలియదు. తెలియదని నేను అనుకునేదాన్ని. టాస్మాక్, అంటే ఇక్కడి ప్రభుత్వ మద్యం కొట్టు, మధ్యాహ్నం పన్నెండింటికి తెరిచి రాత్రి పదింటికి మూస్తారు. ఆ పది గంటలూ నాకు టెన్షనే. పొద్దున ఆయన లేవలేకపోతే ఆఫీసుకి నేనే ఫోన్ చేసి జ్వరం అని చెప్పేదాన్ని. సీసాలో సగం సింకులో పోసి నీళ్లు కలిపేదాన్ని. గళ్ల నోట్‌బుక్‌లో ఎడమవైపు తేదీ, కుడివైపు ఆ రోజు ఎంత తాగారో రాసేదాన్ని. అలాంటివి నాలుగు పుస్తకాలు నిండాయి.

ఆరేళ్ల కిందట ఆయన్ని చేర్చిన ఆస్పత్రిలో భార్యలందరినీ విడిగా ఒక గంట కూర్చోబెట్టారు. నేను నోరు విప్పలేదు. కోడంబాక్కంలో ఉండే గుంటూరు అమ్మాయి ఒకతె, "ఆఫీసుకి నేనే ఫోన్ చేసి జ్వరమని చెబుతానండీ" అంది. నా పక్కనున్న తమిళావిడ తల దించుకుని "నానుం అప్పడిదాన్" అంది, నేనూ అంతే అని. ఆ గదిలో ఏడుగురం. ఒక్కొక్కరినీ అడిగితే ఏడుగురమూ జ్వరమనే చెప్పాం. ఏడు ఇళ్లలో తలుపులేసుకుని ఒకే లెక్క చేస్తున్నాం, అందరం అదే మెట్టు దగ్గర తప్పుతున్నాం, పక్కింట్లోనూ అదే లెక్క నడుస్తోందని ఎవరికీ తెలియదు.

మా అమ్మాయి గణితంలో పరిశోధన చేస్తోంది. ఆ రాత్రి దానికి ఈ సంగతి చెబితే, 2009లో జరిగిన ఒక పని గురించి చెప్పింది. కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ తిమోతి గవర్స్ ఒక గట్టి సమస్యను ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెట్టి, కలిసి చేద్దాం రండి అన్నాడు. పిల్లలు ఆడే ఇంటూ-సున్నా ఆట ఉంది కదా, ఆ గళ్లు ఎన్నెన్నో దిక్కులకు పెరిగాయనుకోండి. ఒక్క వరస కూడా పూర్తి కాకుండా వాటిలో ఎంత భాగం నింపగలం అన్నది ప్రశ్న. దానికి అంతకుముందే ఒక రుజువు ఉంది, ఇంకా తేలిక దారి వెతకడం వీళ్ల పని. సగం ఆలోచన అయినా సరే చెప్పాలి, తప్పయినా పరవాలేదు, ఒక్కరే వెళ్లి అంతా తేల్చుకుని వచ్చి చెప్పడం వద్దు, ఇవీ గవర్స్ పెట్టిన షరతులు. 37 రోజుల్లో 27 మంది 800 దాకా వ్యాఖ్యలు రాశారు. దారి దొరికింది. ఆ పేపరు డి.హెచ్.జె. పాలిమాత్ అనే ఉమ్మడి పేరుతో అచ్చయింది.

నాకు అందులో బాగా పట్టుకున్నది, తప్పుదారులు కూడా అందరికీ కనపడేలా రాసి ఉంచడం. నా తప్పుదారులు నేను ఎవరికి చెప్పాను? తిరుపతి తీసుకెళ్లి ఒట్టు వేయించాను, జీతం నా చేతికి తీసుకున్నాను, పిల్ల మీద ప్రమాణం చేయించాను. గుంటూరు అమ్మాయి ఇవన్నీ మళ్లీ మొదటి నుంచీ చేసుకుంటూ వచ్చింది.

తర్వాత మా అమ్మాయి పని మీద ఆరు నెలలు క్యోటోలో ఉంది. పక్కింటి ముసలి దంపతులు శనివారం సాయంత్రం ఇద్దరూ కలిసి బయల్దేరేవారట. ఎక్కడికని అడిగితే ఆవిడ ఏ దాపరికమూ లేకుండా 'దాన్‌షూకై'కి అంది. మద్యం మానినవాళ్ల సంఘాలవి, 1963 నుంచి వాటికి దేశమంతటా సమాఖ్య ఉంది. అమెరికాలో 1935లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ పద్ధతి చాలావరకు తీసుకున్నారు గానీ పేరు దాచుకోవడం తీసుకోలేదు. సొంత పేరు చెప్పుకుని మాట్లాడతారు. భార్యలు పక్కనే కూర్చుంటారు, వాళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్లూ మాట్లాడతారు. ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వింటారు, అంతే.

అక్కడి ఆడవాళ్ల కష్టం నాకు పరాయిదనిపించలేదు. ఎమీ బొరోవోయ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త టోక్యోలో ఇలాంటి భార్యల మధ్య కూర్చుని విన్నది 2005లో పుస్తకంగా వచ్చింది. భర్తను కనిపెట్టుకుని ఉండటమే మంచి భార్య లక్షణమని పెరిగినవాళ్లకు, ఆ కనిపెట్టుకోవడమే తాగుడుకు ఊతమవుతోందని చెబితే ఎలా ఉంటుంది? ఎక్కడిదాకా సేవ, ఎక్కడ ఆపాలి అన్నదే వాళ్ల నలుగులాట. క్యోటో ఆవిడ మొట్టమొదట మానేసింది భర్త తరఫున క్షమాపణలు చెప్పడమట.

మా అమ్మాయి ఆ మాట చెప్పిన వారంలోనే మావారు మళ్లీ ఒక పొద్దున లేవలేకపోయారు. ఫోన్ ఆయన దిండు పక్కన పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాను. పదింపావుకి ఆయనే ఫోన్ చేసుకున్నారు. ఏం చెప్పారో వినలేదు. వినకూడదనే మిక్సీ వేశాను.

మా జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్లు కలిసికట్టుగా సారా కొట్టు మూయించారు. కొట్టు ముందు కలిసిన మనం, ఇంటి లోపలి సంగతికి వచ్చేసరికి ఎవరికి వాళ్లమే అయిపోయాం. చెన్నైలో దారి లేక కాదు. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్‌గారు తాగుడు మాన్పించడానికి 1980లో పెట్టిన టి.టి. రంగనాథన్ ఫౌండేషన్ ఇక్కడే ఉంది. కానీ నేను వెళ్లిన చోట మాటలన్నీ తమిళంలోనే. ఇన్నేళ్లున్నాను కాబట్టి నాకు సాగింది. నిన్నగాక మొన్న ఒంగోలు నుంచి కాపురానికి వచ్చిన పిల్ల అక్కడ మనసు విప్పి ఏం మాట్లాడుతుంది?

అందుకని నా కోరిక ఒక్కటే. ఇకమీద తాగుడు గురించి సలహాలు వేసినప్పుడల్లా పక్కన చిన్న బాక్సులో, కుటుంబసభ్యులు కూర్చునే చోటు ఎక్కడ, ఏ రోజు, ఏ భాషలో అన్నది కూడా వేయండి. మనసు బాధలకు ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416 వేయండి, ఉచితం. కొట్టే మొగుడున్న ఇంట్లో అయితే ఇవన్నీ తర్వాత, ముందు బయటపడాలి. అలాంటివాళ్ల కోసం మహిళల హెల్ప్‌లైన్ 181 వేయండి. తెలుగులో కూర్చుందామనుకునే ఆడవాళ్లు పెరంబూరు చుట్టుపక్కల నలుగురున్నా మా ముందుగది ఖాళీగానే ఉంటుంది. మీ ఆఫీసుకి రాస్తే నాకు పంపండి.

మావారు రెండుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పటికి నాలుగేళ్లుగా ముట్టలేదు. ఈ ఉత్తరం ఆయన చదివారు. పేర్లు వేయించొద్దన్నారు. జపాన్ వాళ్లంత ధైర్యం మాకింకా రాలేదు. జ్వరం సంగతి మాత్రం తీసేయొద్దన్నారు.

— ఒక విశ్రాంత గణిత అధ్యాపకురాలు, పెరంబూరు, చెన్నై