ఎన్యే గొడవ

ఒరేయ్ పండితా,

జవాబు ఆలస్యమైందని ఈపాటికి తిట్టే ఉంటావు. సరిపోయింది, మళ్ళీ మొదలెట్టకు. అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. ఉద్యోగం అలాగే ఏడుస్తోంది. నీ పుస్తకం సంగతి అడక్కు.

స్పానిష్ నేర్చుకుంటున్నానని చెప్పాగా. ఈ వారం పాఠం రోజూ వాడే వస్తువుల పేర్లు. తెర పంతాయా, కీబోర్డు తెక్లాదో, ఛార్జరు కర్గదోర్. ఇవి సులువుగానే నోటికొచ్చేశాయి. కంప్యూటర్ దగ్గరే తంటా. స్పెయిన్‌లో ఓర్దెనదోర్, పుంలింగం. మెక్సికో వెళ్తే కొంపుతదోరా, స్త్రీలింగం. కొలంబియాలో కొంపుతదోర్, మళ్ళీ మగాడు! ఫోను స్పెయిన్‌లో మోవిల్, సముద్రం దాటితే సెలులార్. నేను మెక్సికో పక్షం, ఎందుకంటే... సరే, అది తర్వాత.

అసలు కథ కీబోర్డుది. లాప్‌టాప్‌లో స్పానిష్ కీబోర్డు పెట్టి, ఎల్ పక్కన సెమికోలన్ ఉండే మీట నొక్కానా, ఎన్ నెత్తిన మెలికల గీతతో ఓ అక్షరం పడింది. పేరు ఎన్యే. పలికితే అచ్చం మన ఞ! నీ ఞ రా! (ఆరో తరగతి, తెలుగు మాస్టారు, ఞ తో నువ్వు చెప్పిన ఆ పదం. రాయనులే.)

పూర్వం తోలు పత్రాల మీద చోటు కలిసొస్తుందని లేఖకులు రెండు ఎన్‌లలో ఒకదాన్ని బుల్లిగా రెండోదాని నెత్తికెక్కించేవాళ్ళు. ఆ గీత అదే. ఎన్యే లేని కీబోర్డు అమ్మకూడదని స్పెయిన్‌లో నిబంధన ఉండేది. అది వ్యాపారానికి అడ్డం, ఎత్తెయ్యండని 1991లో యూరోపియన్ కమ్యూనిటీ (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కి ముందు రూపం) పేచీ పెట్టింది. స్పెయిన్ భగ్గుమంది. కొలంబియా వాడైన నవలా రచయిత గార్సియా మార్కెస్ కూడా ఎన్యే తరఫున కలం పట్టాడు! చివరికి యూరోపియన్ యూనియన్‌ని ఏర్పాటు చేసిన మాస్త్రిక్ట్ ఒప్పందంలో సంస్కృతి పేరు మీదున్న వెసులుబాటు పట్టుకుని 1993లో ఉత్తర్వు జారీచేసి మరీ నిలబెట్టుకున్నారు. మనం ఞ ని ఒత్తుకింద తొక్కిపెట్టి ఊరుకున్నాం కదరా, కోపమొచ్చింది నాకు, నిజంగా.

నవ్వు కూడా వచ్చిందనుకో. ఏడాదిని ఆన్యో అంటారు. గీత ఎగిరిపోతే ఆనో. 'నాకు ముప్ఫై ఏళ్ళు' అని రాయబోయి గీత మరిచిపోతే... ఒంట్లో నువ్వు కూర్చునే భాగం గుర్తు తెచ్చుకో, దానికి ముప్ఫై ద్వారాలన్నమాట. మన లెక్కల మాస్టారికి చెప్పాలి ఇది.

అన్నట్టు, మెయిల్ అడ్రసులో ఎట్ గుర్తుని అరోబా అంటారు. ఒకప్పుడు అది తూకం, దాదాపు 11.5 కిలోలు. స్పెయిన్ కీబోర్డులో రెండు అంకె మీదుంటే, లాటిన్ అమెరికా కీబోర్డులో క్యూ మీదికి... అయ్యో, క్లాసు మొదలైపోయింది, ఉంటారా