నాలా వెడల్పు ఎక్కడ కొలవాలి? – కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం శ్రమంతా దాదాపు ఒక్క విషయానికే పోయింది. మన కాలనీకి ఎగువన, నాలాను ఆనుకుని ఉన్న ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంటుకు మున్సిపల్ అనుమతి వచ్చింది. దానివల్ల కింది వీధులు మునుగుతాయన్నది మన ఫిర్యాదు. అందుకే ముందుగా ఆ సంగతే చెబుతున్నాను.

పై చెరువు నిండితే మత్తడి దూకిన నీళ్లు ఈ నాలా వెంటే కింది కుంటకు చేరాలి. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులు చాలావరకు ఇలా గొలుసుకట్టుగా ఏర్పాటు చేసినవే. నడుమ దారి ఇరుకైతే నీళ్లకు ఇక వీధులే దిక్కు. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు నగరమంతా చూసింది. అదే నెలలో మన కింది వీధుల ఇళ్లలోనూ నీళ్లు నిలిచాయి. ఆ ఇళ్లవాళ్లకు ఇప్పటికీ గట్టి వాన కురిస్తే రాత్రి నిద్ర ఉండదు.

అనుమతి ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. ముప్పై రోజుల గడువు దాటినా జవాబు రాలేదు. మొదటి అప్పీలు వేశాకే ప్లాను నకలు చేతికొచ్చింది. అందులో నాలా వెడల్పును 10 మీటర్ల లోపు చూపించారు. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే దాని హద్దు నుంచి 9 మీటర్లు వదిలి కట్టాలి. 10 మీటర్ల లోపు అయితే 2 మీటర్లు వదిలితే సరిపోతుంది. అంటే, నాలా వెడల్పు కాస్త తగ్గించి చూపిస్తే కట్టేవాళ్లకు 7 మీటర్ల జాగా కలిసొస్తుంది.

కొలత తప్పని మేం అనడం లేదు. కొలిచిన చోట నాలా ఇప్పుడు నిజంగానే ఇరుకుగా ఉంది. ఏళ్ల తరబడి ఇరువైపులా మట్టి పోసి, గోడలు జరిపి ఇరుకు చేశారు. పాత గ్రామ నక్షాలో అదే చోట నాలా ఇంతకన్నా బాగా వెడల్పుగా ఉంది. ఆక్రమించగా మిగిలిన దారినే నాలాగా లెక్కేస్తే, ఆక్రమణ ఎంత ఎక్కువైతే వదలాల్సిన జాగా అంత తగ్గుతుంది. నీళ్లకు దారి ఉంచడానికి చేసిన నిబంధన దారి మూసినవాళ్లకే లాభం చేయడం అన్యాయం. మన ఫిర్యాదుకు ఆయువుపట్టు ఇదే. ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలోనూ ఇదే రాశాం: వెడల్పును నక్షా ప్రకారం తేల్చండి, రెవెన్యూ, నీటిపారుదల, మున్సిపల్ సిబ్బంది కలిసి సర్వే చేసి హద్దురాళ్లు పాతండి.

రెండో అభ్యంతరం స్థలాన్ని మెరక చేయడం మీద. అక్కడ రోడ్డు మట్టం కన్నా ఎత్తుగా మట్టి నింపుతున్నారు. ఇదివరకు ఆ పల్లంలో నిలిచి మెల్లగా ఇంకే నీళ్లు ఇకపై నేరుగా మన మీదికే వస్తాయి. అనుమతి కాగితాల్లో ఆ స్థలంలో వాననీళ్లకు ఇంకుడు గుంత చూపించారు గానీ, దిగువకు ఎంత నీరు వస్తుందో ఎక్కడా లెక్క లేదు.

ఉమ్మడి తనిఖీ జరిగింది. అధికారులు వచ్చి చూశారు, ఫొటోలు తీసుకున్నారు, మన నక్షా నకలు తీసుకెళ్లారు. నివేదిక ఇంకా మన చేతికి రాలేదు. ఈలోగా పునాది పని సాగుతూనే ఉంది. తనిఖీ తేలేదాకా పని ఆపించాలని మళ్లీ లిఖితపూర్వకంగా అడిగాం.

సమావేశాల్లో కొందరు సభ్యులు ఒక భయం వెలిబుచ్చారు. పాత నక్షా ప్రకారం కొలిస్తే నాలా పక్కనున్న మన ఇళ్లే బఫర్‌లో, అంటే నాలా పక్కన వదలాల్సిన జాగాలో, పడితే ఎలా అని. ఆ భయం న్యాయమైనదే. జీవితకాలం కూడబెట్టి, అనుమతి తీసుకుని, ఇంటి పన్ను కడుతూ ఉంటున్నవాళ్లు వీళ్లు. కార్యవర్గం దీనిపై చాలాసేపు చర్చించింది. హద్దులు తేలకపోతే ఆ ఇళ్లకూ రక్షణ లేదు, వరద ముందు వచ్చేది వాళ్ల గుమ్మంలోకే. కాబట్టి సర్వే అడగడం ఆపకూడదని, ఏ సభ్యుడికైనా నోటీసు వస్తే సంఘం ఆ సభ్యుడి వెంట నిలబడాలని నిర్ణయించాం. ఇందుకు ఒప్పుకోని సభ్యులూ ఉన్నారు, వారి అభ్యంతరం మినిట్స్‌లో నమోదైంది.

ఇక మిగతా పనులు. వానాకాలానికి ముందు కల్వర్టు కింద పూడిక తీయించాం. కింది వీధుల్లో కొన్ని ఇళ్లవాళ్లు కరెంటు మీటర్లు ఎత్తుకు మార్పించుకున్నారు, మిగిలినవాళ్లూ ఆ పని చేయించుకోవాలి. నీళ్లు తోడే మోటారు సంఘం గదిలో ఉంది, తాళం కాపలాదారు దగ్గర దొరుకుతుంది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

సర్వసభ్య సమావేశంలో రెండు తీర్మానాలు పెడుతున్నాం. తనిఖీ నివేదిక ఇవ్వకపోతే హైకోర్టుకు వెళ్లడానికి కార్యవర్గానికి అధికారం ఇవ్వడం ఒకటి, అందుకు ప్రత్యేక చందా వసూలు చేయడం రెండోది. 2020 నాటి ముంపు ఫొటోలు, నష్టపరిహారం కాగితాలు, పాత లేఅవుట్ నకళ్లు ఎవరి దగ్గరున్నా సమావేశానికి తీసుకురండి. గోడ మీద నీళ్ల గుర్తు పక్కన టేపు పట్టి తీసిన ఫొటో అయితే మరీ పనికొస్తుంది.

– కార్యదర్శి