మొక్కల సావిడి కాళ్లు చాపింది

కావలి,
ఆదివారం

ఒరేయ్ రమణా,

జవాబు ఆలస్యమైందని తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. సంక్రాంతికి నువ్వు రాసింది ఇంకా నా టేబుల్ మీదే ఉంది. మామూలు కబుర్లు గబగబా చెప్పేస్తా: అమ్మ మోకాళ్లు పర్వాలేదు, చిన్నదానికి పరీక్షలు, ధాన్యం రేటు ఎప్పట్లాగే కొనేవాడి ఇష్టం. ఇక అసలు సంగతి.

దొడ్లో మా మొక్కల సావిడి గుర్తుందిగా? తాత క్రోటన్ల కోసం కట్టించాడే, పైన పెంకులు, మధ్యమధ్యలో అద్దం పెంకులు. మన 'శాస్త్ర పరిశోధనలు' జరిగిన చోటు. (ఏ పరిశోధనలో రాయను, ఈ ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది.) దాని కప్పు విచ్చుకుపోతోందిరా! 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి కొప్పు దగ్గర కారితే పెంకులు జరిగాయనుకుని సర్దించాం. ఈమధ్య చూస్తే వెన్నుదూలం నడిమధ్య కుంగి ఉంది, రెండు గోడలూ బయటికి వాలిపోతున్నాయి. మూలలో చీలిక పైన బొటనవేలు దూరేంత, కిందికి వచ్చేసరికి సన్నటి గీత. తూకం గుండు వేలాడదీస్తే గోడ తల రెండంగుళాలు బయటికి పోయింది.

మొదట వచ్చిన మేస్త్రి చీలికలో సిమెంటు కూరి, బయట మద్దతు గోడలు లేపుతానన్నాడు. మా బావ సంగతి తెలుసుగా, దేనికైనా ఒకటే మందు: "పడగొట్టి స్లాబ్ వేసేయ్." మామగారి సావిడి ముట్టుకుంటే అన్నం తిననని అమ్మ. నాకేమో టెన్షన్. రాత్రి గాలి వీస్తే చాలు, టార్చి పట్టుకుని లేవడమే.

అప్పుడు ఉదయగిరి వైపు నుంచి ఒక ముసలి వడ్రంగి వచ్చాడు. గోడల వంక చూడనే లేదు. లోపలికెళ్లి తలెత్తి అడిగాడు: "అడ్డదూలాలు ఏం చేశారయ్యా?"

నిచ్చెనెక్కి చూపించాడు. వాసాల అడుగున రంపంతో కోసిన మొద్దులు, పైన సున్నం పూసేసి! కాళ్ల మధ్య తాడు విప్పేసిన మడత నిచ్చెన ఏమవుతుందో అదే అయింది. రెండు వైపుల వాసాలూ కొప్పు దగ్గర ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కదా, పెంకుల బరువు దిగేటప్పుడు వాటి కాళ్లు గోడల్ని బయటికి తోస్తాయి. ఆ తోపుని పట్టి ఉంచేది అడ్డదూలం. కప్పు వాలు తగ్గేకొద్దీ తోపు పెరుగుతుంది. జవహర్ భారతిలో మన చతుర్భుజం సారు బోర్డు నిండా బాణాలు గీసి మొత్తుకున్నది ఇదే. నువ్వేమో వెనక బెంచీలో... సరే, వదిలేయ్. పెంకు ఒక్కోటి రెండు కిలోల పైమాటే, చదరపు మీటరుకి పదిహేను దాకా పడతాయి, వానకి నానితే ఇంకా బరువు. లెక్క నువ్వే వేసుకో.

కోయించింది ఎవరనుకున్నావ్? మా మామయ్య! అక్క పెళ్లికి మగపెళ్లివారి విడిది అక్కడే కదా, వాళ్ల తలలకి దూలాలు తగులుతాయని ముందురోజు రంపం పట్టించాడట. మా బావ ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు! నీ బూరెల కేసు నడిచింది కూడా ఆ విడిదిలోనే. అమ్మ దాన్ని ఇంకా మర్చిపోలేదు.

పని చెప్తా విను. ముందు వెన్నుదూలం కింద జాకీలు, సరుగుడు కర్రలు పోటు పెట్టాం. పెంకులు రెండు వైపులా సమానంగా దించుకుంటూ రావాలి, ఒక్క పక్కే దించితే కప్పు పక్కకి ఒరుగుతుంది. పెంకుల అడుగున బాసెల్ మిషన్ ముద్ర, 1865 అని. సావిడి అప్పటిదేనని చిన్నది ఫొటోలు తీసి అందరికీ పంపేసింది. అది మంగుళూరులో ఫ్యాక్టరీ పెట్టిన ఏడాదమ్మా అంటే మొహం మాడ్చుకుంది.

తర్వాత వాసాల కాళ్ల దగ్గర ఈ గోడ నుంచి ఆ గోడకి 16 ఎం.ఎం. రాడ్లు. బయట అడుగు చదరం ఇనుప ప్లేట్లు, లేకపోతే బోల్టు ఇటుకలో దిగబడుతుంది. రాడ్డు మధ్యలో టర్న్‌బకిల్. దానికి ఒక కొసన కుడి మర, రెండో కొసన ఎడమ మర, అందుకే ఒకే తిప్పుకి రెండు కొసలూ దగ్గరికొస్తాయి. ముసలాయన పానాతో పావు చుట్టు తిప్పి, గోడకి చెవి ఆనించి, "ఇయ్యాళ్టికి చాలు" అని బీడీ ముట్టించేవాడు. సున్నం గోడ, తొందరపెడితే పగులుద్ది అంటాడు. కూలి కోసం సాగదీస్తున్నాడని బావ గొణుగుడు. నేను మాత్రం ముసలాయన పక్షమే.

చీలిక నడుమ ఒక రూపాయి బిళ్ల నిలబెట్టి రోజూ కదిపి చూసేవాణ్ని. మొదట్లో లొడలొడ ఆడేది. ఒక పొద్దున లాగితే రాలేదురా! గోడ కరిచిపట్టుకుంది. నేను అరిచిన అరుపుకి అమ్మ పూజలోంచి లేచొచ్చింది. ఇంకా అరంగుళం వాలు మిగిలింది, దాని జోలికి పోవద్దన్నాడు ముసలాయన. టేకు అడ్డదూలాలు కూడా వేస్తాడట, బావ తలకి తగలవని హామీ ఇచ్చి మరీ.

ఖర్చు అడక్కు. అద్దం పెంకులు ఆ సైజువి ఇక్కడ దొరకలేదు, నెల్లూరు వెళ్లాలి. అన్నట్టు మీ అత్తగారింట్లో కూడా పెంకుల వసారానే కదా, ఈసారి వెళ్లినప్పుడు తలెత్తి అడ్డదూలాలు... ఆగాగు, వెల్డరు వచ్చి ప్లేట్లకి రెడాక్సైడ్ కొట్టకుండానే బిగించేస్తున్నాడు! పోతున్నా.

నీ
సుబ్బు