వృద్ధి రేటు, వేలం ప్రకటన ఒకే రోజు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ పత్రిక మొదటి పేజీలో దేశ వృద్ధి రేటు వార్త చదివాను. అదే రోజు లోపలి పేజీలో, అప్పు తీరక బ్యాంకులో ఉండిపోయిన తాకట్టు బంగారు నగల వేలం ప్రకటన పడింది. సన్నటి అక్షరాల్లో ఖాతా నంబర్లు, పేర్లు, ఊర్లు. వాటిలో రెండు ఊర్లు నేను పనిచేసిన శాఖ కిందివే. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె బ్యాంకులో 22 ఏళ్లు క్యాషియర్‌గా చేసి రిటైరయ్యాను. మా దగ్గరకు తాకట్టు నగలు ఎక్కువగా వేరుశనగ విత్తే ముందు, బోరు వేయించే ముందు వచ్చేవి. ఒకసారి ఒకామె నగల విలువ కట్టే అప్రైజర్ ముందు కూర్చుని చెవి కమ్మలు తీయబోతే మర ఊడిరాలేదు. కూతురు మెల్లగా తిప్పి తీసింది. ఆమె వెంటనే కొంగుముడి విప్పి రెండు చీపురుపుల్లలు చెవులకు పెట్టుకుంది, రంధ్రాలు పూడుకుపోకుండా. ఇంట్లోనే విరిచి తెచ్చుకుంది వాటిని. ఆ డబ్బుతో బోరు వేయించారు. 700 అడుగులు పోయినా రాతిపిండి తప్ప చుక్క నీళ్లు పడలేదు. ఆ ఏడాది మా శాఖ టార్గెట్ దాటిందని పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. మేమంతా సంతోషపడ్డాం. ఆ సంతోషం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

వృద్ధి రేటుకు మూలమైన జీడీపీలో, అంటే దేశంలో తయారైన సరుకుల, సేవల మొత్తం విలువలో, ఆ బోరుకు పెట్టిన ఖర్చంతా చేరుతుంది. రిగ్గు బాడుగ, డీజిల్, కేసింగ్ పైపు, అన్నీ. నీళ్లు పడ్డాయా లేదా అన్నది ఆ లెక్కకు పట్టదు. పడిన చోట భూమి అడుగు నుంచి తోడేసిన నీళ్లను అందులోంచి తీసివేయరు కూడా. తర్వాత పిల్లలను ఊర్లోనే విడిచి ఆ ఆలుమగలు బెంగళూరుకు పోయారు. ఆమె అక్కడ నాలుగిళ్లలో వంట చేస్తోందని విన్నాను. దానికి జీతముంది కాబట్టి అది దేశ ఆదాయం. ఊర్లో ఆమె పిల్లలకు ముసలి అత్త వండిపెడుతుంది. అదీ వంటే, కానీ లెక్కలో సున్నా. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అంటే ఆడవాళ్లది దాదాపు ఐదు గంటల చాకిరీ.

జాతీయ ఆదాయం లెక్కకట్టడానికి దారి వేసిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే, ఆ అంకెను బట్టి ప్రజల బాగోగులు తేల్చలేమని అమెరికా కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదికలో రాశారు. 90 ఏళ్లు దాటినా మనం ఆ అంకెనే చూసి మురిసిపోతున్నాం. భూటాన్‌లో 33 సూచికలతో జనం బాగోగులు కొలుస్తారు. రాత్రి ఎంతసేపు నిద్రపోతున్నారు, ఇరుగుపొరుగు మీద నమ్మకముందా అని ఇళ్లకు పోయి అడుగుతారు. అక్కడ అంతా బాగుందని కాదు, వాళ్ల పిల్లలూ ఆస్ట్రేలియాకు పోతున్నారు. కానీ అడగడమంటూ ఉంది. మా ఊళ్లో నిద్ర గురించి అడిగితే రైతులు ఏం చెబుతారో నాకు తెలుసు. కిస్తీ గడువు దగ్గరపడిన రోజుల్లో ఆ టెన్షన్ ముఖాలు కౌంటర్ ఇవతల నుంచి రోజూ చూసినవాణ్ణి.

వృద్ధి వద్దని నేననను. రోడ్లు, 108 బండి, పింఛన్లు డబ్బుతోనే వస్తాయి. నేను అడిగేది ఒక్కటే. మూడు నెలలకోసారి మీరు వృద్ధి రేటు వేసే రోజున, అనంతపురం జిల్లా పేజీలో మండలాల వారీగా ఇంకో మూడు అంకెలు వేయండి. నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయి, తల్లిదండ్రులు వలసపోయి అవ్వాతాతల దగ్గరున్న పిల్లలెందరు, నగలు వేలానికి వచ్చిన ఖాతాలెన్ని. నీటిమట్టం లెక్క భూగర్భ జల శాఖ ఇస్తుంది. పిల్లల సంగతి ఏ ఊరి టీచరును అడిగినా హాజరుపట్టీ తీసి చెబుతారు. వేలం లెక్క కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, మీ ప్రకటనల విభాగంలోనే ఉంది.

– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా