మీకు వచ్చిన ‘డెలివరీ కాలేదు’ నోటీసు గురించి

రెండు వారాలుగా మీలో చాలామందికి, మాకు మెయిల్ పంపిన నిమిషంలోపే ‘మీ మెయిల్ డెలివరీ కాలేదు’ అంటూ నోటీసు వస్తోంది. అందులో కనిపించే పేరు మా ఆర్డర్ల అడ్రస్ కూడా కాదు, కొన్ని నెలల క్రితం మా దగ్గర ఉద్యోగం మానేసిన ఆవిడది. మీరు ఆవిడకి రాయనే లేదు కాబట్టి కంగారు పడటం సహజం. మన పాత కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి, ‘వ్యాపారం మూసేశారా అండీ?’ అని అడిగారు. వచ్చిన ఉత్తరానికి ఆ రోజే జవాబు రాయడం నేను మొదటినుంచీ పట్టుదలగా పెట్టుకున్న అలవాటు. ఆ ప్రశ్న విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు మీకు కావలసిన సంగతి చెప్తాను. ఆర్డర్ల అడ్రస్‌కి మీరు పంపినవన్నీ మాకు అందాయి, మళ్ళీ పంపక్కర్లేదు. ఆవిడ పాత అడ్రస్‌కే నేరుగా రాసినవి మాత్రం రాలేదు. వాటిని దయచేసి ఆర్డర్ల అడ్రస్‌కి ఇంకోసారి పంపండి.

ఆవిడ ఉన్నప్పుడు ఆర్డర్ల అడ్రస్‌కి ఏ మెయిల్ వచ్చినా ఆవిడ ఇన్‌బాక్స్‌కీ వెళ్ళేలా రీడైరెక్ట్ రూల్ ఒకటి పెట్టుకున్నాం. ఆవిడ మానేశాక, మా మెయిల్ వ్యవహారం చూసే సంస్థ ఆవిడ ఖాతాని కొన్నాళ్ళు ఉంచి ఈమధ్యే తీసేసింది. రూల్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాంతో మీరు పంపిన ప్రతి మెయిల్ మాకు చేరుతూనే, ఇంకోపక్క లేని మెయిల్‌బాక్స్ దగ్గరికీ పరిగెత్తింది. సర్వర్ దాన్ని 550 5.1.1 అనే కోడ్‌తో తిప్పికొట్టింది. ఆ పేరుతో ఇక్కడ మెయిల్‌బాక్స్ లేదని దానర్థం. కోడ్ 4తో మొదలైతే సర్వర్ కాసేపాగి మళ్ళీ ప్రయత్నిస్తుంది, 5తో మొదలైతే అక్కడితో సరి. రీడైరెక్ట్ అయిన మెయిల్‌లో పంపినవాళ్ళుగా మీ అడ్రసే ఉంటుంది కాబట్టి నోటీసు కూడా మీకే వచ్చింది, మాకు ఒక్కటీ రాలేదు. మా ఇన్‌బాక్స్ చూస్తే అంతా మామూలే. మీరు చెప్పకపోతే నాకు ఇప్పటికీ తెలిసేది కాదు. నా వ్యాపారంలో లోపం నాకంటే ముందు మీకు తెలియడం నాకు చాలా కష్టంగా ఉంది.

ఆ సంస్థవాళ్ళకి ఫోన్ చేస్తే మూడుసార్లూ ఒకటే మాట: ‘మావైపు అంతా బాగానే ఉందండీ, మీ కస్టమర్ల సర్వర్లలో ఏదో ఉంటుంది.’ మీమీదకు నెట్టడం నాకు నచ్చలేదు. మీలో ఒకరు పంపిన నోటీసు తీసుకుని, కింద చిన్న అక్షరాల్లో ఉండే సాంకేతిక వివరాలు వరసగా చదివాను. తిప్పి పంపింది మా సర్వరేనని అందులో స్పష్టంగా ఉంది. అదే వాళ్ళకి పంపితే అప్పుడు ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఒక దగ్గరదారి చెప్పారు: ‘తీసేసిన ఖాతాని 30 రోజుల్లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. తెచ్చేస్తే నోటీసులు ఈ రోజే ఆగిపోతాయి.’

దీని దగ్గరే నేను రెండు రోజులు కొట్టుకున్నాను. ఒకవైపు మీ టెన్షన్. గంటలో తీరిపోయే పనిని నా పంతం కోసం సాగదీస్తున్నానా అనిపించింది. ఇంకోవైపు, ఖాతా తిరిగొస్తే ఆవిడ పాత ఉత్తరాలన్నీ దాంతోపాటే వస్తాయి. ఆవిడకే ఫోన్ చేసి అడిగాను. ఇన్నేళ్ళు వాడిన అడ్రస్ కదా, బ్యాంకు మెయిల్స్ కొన్ని దానికే వస్తుండేవని, ఇంకా అన్నిచోట్లా మార్చుకోలేదని చెప్పింది. ‘మీ ఇష్టం అండీ’ అని కూడా అంది. ఆ మాటే నన్ను ఆపింది. ఆవిడకి రాసిన మెయిల్ వెనక్కి వెళ్తే రాసినవాళ్ళకి విషయం తెలుస్తుంది, వేరే దారి చూసుకుంటారు. మా దగ్గరున్న తాళం లేని పెట్టెలో పడితే అందిందనే అనుకుంటారు. నమ్మకంగా పనిచేసి వెళ్ళిన మనిషి పేరుతో అలాంటి పెట్టె నడపడం నాకు ఇష్టం లేదు. వద్దన్నాను. ఈలోగా మీకు ఇంకో నాలుగు రోజులు ఆ నోటీసులు వచ్చాయి. అందుకు క్షమించండి, కానీ ఆ నిర్ణయం మార్చుకోను.

రూల్ వెతికి తీసేశాక మామూలు మెయిల్స్ సర్దుకున్నాయి. కానీ మీటింగ్ ఆహ్వానాలు పంపినవాళ్ళకి మళ్ళీ అదే నోటీసు! ఈసారి కారణం నా సొంత మెయిల్‌బాక్స్‌లో ఉంది. నా క్యాలెండర్ చూసేందుకు ఒకప్పుడు ఆవిడని డెలిగేట్‌గా, అంటే నా తరఫున చూసుకునే మనిషిగా పెట్టాను. అప్పుడు మా మెయిల్ ప్రోగ్రామ్ అవుట్‌లుక్ ఆహ్వానాల కాపీ డెలిగేట్‌కి పంపేలా కనిపించని రూల్ ఒకటి తయారుచేసుకుంటుంది. ఖాతా పోయాక జాబితాలో పేరు కనబడదు, రూల్ మాత్రం మిగిలిపోతుంది. ఇంకొకరిని డెలిగేట్‌గా చేర్చి తీసేస్తే చాలాసార్లు పోతుందట. మాకు పోలేదు. చివరికి ఎంఎఫ్‌సీ మ్యాపీ అనే టూల్‌తో ఆ దాగిన రూల్‌ని బయటికి లాగి తొలగించాల్సి వచ్చింది. నిన్న ముగ్గురు కస్టమర్లు నాకోసం ఓపిగ్గా ఆహ్వానాలు పంపి చూశారు. ఏదీ వెనక్కి రాలేదు.

మీరు చేయాల్సింది కొంచెమే. అడ్రస్ టైప్ చేస్తున్నప్పుడు ఆవిడ పేరు దానంతటదే వస్తే, ఆ సూచనని తీసేయండి. మళ్ళీ నోటీసు వస్తే స్క్రీన్‌షాట్ కాకుండా ఆ మెయిల్‌నే పూర్తిగా, కింది వివరాలతో సహా మాకు పంపండి. ఇంకో ముఖ్యమైన మాట: ‘ఆగిపోయిన మెయిల్ విడుదలకు ఇక్కడ నొక్కండి, పాస్‌వర్డ్ ఇవ్వండి’ అని ఏ నోటీసైనా అడిగితే అది మోసం, నొక్కకండి.

ఇకమీద ఎవరు ఉద్యోగం మానినా, ఖాతా తీసేముందు ఫార్వర్డింగ్, రూల్స్, డెలిగేట్లు, గ్రూపులు నేనే కూర్చుని చూస్తాను. ఆ సంస్థకి ఈ ఒక్క పనీ వదిలిపెట్టను. ఈ నెలాఖరు దాకా ఆర్డర్ల అడ్రస్‌కి వచ్చే ప్రతి మెయిల్‌కీ ‘అందింది’ అని నేనే జవాబు రాస్తాను. సాయంత్రంలోగా ఆ జవాబు రాకపోతే నేరుగా నాకు ఫోన్ చేయండి.